మేకుల మధ్య వెండి

వెస్ట్‌బీ, విస్కాన్సిన్
4 ఏప్రిల్ 1982

బోర్గిల్డ్ అక్కకు, సెల్మర్ రాస్తున్నది.

నువ్వు జనవరిలో రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబిస్తున్నాను. బద్ధకస్తుడని తిట్టుకో, ఒప్పుకుంటాను. నీ మరదలు ఈడ్నా మోకాలు కాస్త నయం. వెన్న ఫ్యాక్టరీ మూతపడ్డాక నాకు పొద్దెలా గడుస్తుందని బెంగపడ్డావు కదా. ఇప్పుడు మంచు కరిగింది, నేను ఇంటిపట్టున ఉంటే ఒట్టు.

కిందటేడు కొన్న చవక మిషను గురించి రాశాను, గుర్తుందా? నేలమీద ఊపుకుంటూ పోతే కింద లోహం ఉన్నచోట కూస్తుంది. దానితో బడి మైదానంలోనూ చర్చి వెనక పచ్చికలోనూ గ్లాసుడు పాత నాణేలు తీశాను. కానీ అది బుద్ధిలేని మిషను అక్కా. వెండికీ కూస్తుంది, తుప్పుపట్టిన మేకుకీ కూస్తుంది, సోడా డబ్బా మూత రింగుకీ కూస్తుంది. నాలుగంగుళాలు దాటితే దానికి ఏమీ కనపడదు.

మన పాత పొలం ఇప్పుడు మెన్నో అనే ఆమిష్ రైతు చేతిలో ఉంది, వాళ్ల మతంలో ఇంట్లోకి కరెంటు రానివ్వరు. ఇంటి చుట్టూ వెతుక్కుంటానని అడిగితే మిషను వైపు చూసి, బ్యాటరీ నీదే కదా అన్నాడు. రెండు షరతులు పెట్టాడు. ఆదివారం రాకూడదు. దొరికిన ప్రతి మేకూ బకెట్లో వేసి తనకిచ్చి పోవాలి, లేకపోతే ఆవులు గడ్డితోపాటు మింగుతాయట. మొదటి రోజే బకెట్ నిండింది. మన కోళ్ల గూడు తగలబడిన చోటైతే మిషను ఊపిరి తీసుకోకుండా కూసింది. ఆ మేకుల మధ్యే 1919 నాటి పది సెంట్ల వెండి నాణెం దొరికింది. ఒకటుందంటే ఇంకా ఉంటాయి.

అందుకే మంచి మిషను కొందామని ఉంది. ఇనుము తగిలితే ఊరుకుని, వెండికి మాత్రం పలికేది, జానెడు పైగా లోతు చూసేది. లా క్రాస్‌లో ఒకాయన అమ్ముతున్నాడు. ఏమంటావు?

నీ తమ్ముడు
సెల్మర్


టకోమా, వాషింగ్టన్
13 ఏప్రిల్

సెల్మర్‌కు,

ఉత్తరం నిన్న అందింది. ఇక్కడ వాన. ఇక్కడి అగ్నిపర్వతం పేలి రెండేళ్లవుతున్నా మా పక్కింటివాళ్ల చూరు గొట్టంలోంచి ఇంకా బూడిద కారుతూనే ఉంది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, కొనకు. సరదాకి ఒక మిషను చాలు. వెతకడానికి నీకు వేరే చోట్లే లేవా? వైరోక్వా సంత మైదానం ఉంది. చర్చి వనభోజనాలు జరిగే తోపు ఉంది. నదిలో ఈతలు కొట్టే ఇసుక రేవు ఉంది, అక్కడ ఎంతమంది జేబుల్లోంచి నాణేలు జారిపోయాయో. అలాంటి చోట్ల నీ పాత మిషనే సరిపోతుంది.

ఆ పొలం ఇప్పుడు మనది కాదు. పరాయివాళ్ల నేల గీకడం నాకు నచ్చలేదు. పైగా కోళ్ల గూడు దగ్గర తుప్పు మేకులంటున్నావు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, ధనుర్వాతం ఎలా చంపుతుందో కళ్లారా చూశాను. ఆ చోటు వదిలెయ్. అక్కడ ఏమీ లేదు.

ఈడ్నాను మోకాలికి వేణ్ణీళ్ల కాపడం మానొద్దని చెప్పు.

అక్క
బోర్గిల్డ్


వెస్ట్‌బీ
25 ఏప్రిల్

అక్కకు,

కొనేశాను. నువ్వు వద్దన్నది అందేసరికి అది వంటింటి బల్ల మీద ఉంది. ఈడ్నా మూడు రోజులు మాట్లాడలేదు.

దీన్ని అర్థం చేసుకోవడం కొత్త కోడలిని అర్థం చేసుకోవడం లాంటిదే. చక్రం ఎటు తిప్పితే ఎంత ఇనుము వదిలేస్తుందో, ఎంత వెండిని కూడా వదిలేస్తుందో తెలియడానికే వారం పట్టింది. ఒకవైపు నుంచి ఊపితే పలికి, అడ్డంగా ఊపితే నోరు మూసుకుంటే అది మేకు. రెండువైపులా ఒకేలా పలికితే తవ్వాలి. మా పెరట్లో ఒక సెంటు నాణెం ఎనిమిదంగుళాల లోతున పెట్టి చూశాను. పలికింది.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరాలు నెలకొకటి వస్తే గొప్ప. ఈసారి నా ఉత్తరం అందిన మర్నాడే రాశావు. ఎప్పుడూ అడిగే నా నడుం నొప్పి ఊసెత్తలేదు గానీ, ఎక్కడ తవ్వాలో, ఎక్కడ తవ్వకూడదో పేజీ నిండా రాశావు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నీకు నాణేల మీద ధ్యాస లేదు. ఇప్పుడెందుకు?

కోళ్ల గూడు దగ్గర కూర్చుంటే నాకు 1936 గుర్తొచ్చింది. వానల్లేని ఆ వేసవి. నాన్న వెండి డాలర్లు పోయి, మెట్ల కింద అరలో పొగాకు డబ్బా ఖాళీగా కనబడిన పొద్దు. పాలేరు వెన్సిల్‌ని గంటలో ఇంట్లోంచి గెంటేశాడు నాన్న. వాడు ఇంకా బతికే ఉన్నాడు తెలుసా? హిల్స్‌బరోలో. సంతలో నేను ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు. దొంగతనం చేసినవాడు ఇంకేం చేస్తాడు! ఆ డాలర్లు వాడు ఏం చేశాడో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. నీకేమైనా గుర్తుందా? నీకప్పుడు పదహారేళ్లు, నాకు పన్నెండు.

సెల్మర్


టకోమా
5 మే

సెల్మర్‌కు,

ఎవరితో మాట్లాడుతున్నావు నువ్వు? సూటిగా చెప్పు. ఆ రోజులనాటి మనుషులెవరో నీ చెవిలో ఏదో ఊదినట్టున్నారు, లేకపోతే ఉన్నట్టుండి వెన్సిల్ పేరెందుకొస్తుంది? నన్ను ఆరా తియ్యడానికి మిషను సాకు ఒకటి.

నాకేమీ గుర్తులేదు. ఆ ఏడు ఎండలకు మనుషులకు మతులు పోయాయి. నలభై ఆరేళ్ల కిందటి ఒక సీసా కోసం ఇప్పుడు నేలంతా తిరగేస్తే ఎవరికి మేలు? నాన్న లేడు, అమ్మ లేదు. వెన్సిల్‌కి డెబ్బయ్యేళ్లు వచ్చుంటాయి. ఎవరి బతుకు వాళ్లు బతికేశారు.

నీ నడుం ఎలా ఉంది? అడగలేదన్నావు కాబట్టి అడుగుతున్నాను.

బోర్గిల్డ్


వెస్ట్‌బీ
17 మే

అక్కకు,

ఇవాళ మన నార్వే వాళ్ల పండగ. బజారంతా జెండాలు, బ్యాండు మేళం. ఊరేగింపు అయ్యాక పార్కులో తవ్వుకుందామనుకున్నాను గానీ మనసు నిలవక ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

సీసా అని రాశావు.

నాన్న డబ్బు పొగాకు డబ్బాలో ఉండేది. ఊరంతా ఎరిగిన సంగతి. డబ్బా ఖాళీగా దొరికిందని చచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. సీసా మాట నేనెత్తలేదు, ఏనాడూ వినలేదు. నీకెక్కడిది? పదిసార్లు చదివాను, నా కళ్లు మోసం చేస్తున్నాయేమోనని ఈడ్నాతో కూడా చదివించాను.

రాయాలో వద్దో అనుకుంటూనే రాస్తున్నాను. 1937 శరత్కాలంలో నువ్వు రైలెక్కి టకోమా వెళ్లావు. మనింట్లో అప్పుడు చెప్పులకే గతి లేదు. ఆ టికెట్టు ఎలా వచ్చిందో ఎవరూ నాకు చెప్పలేదు, చిన్నవాణ్ణని నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ డాలర్లు తీసింది నువ్వేనా? వెన్సిల్‌ని తరిమేస్తుంటే గుమ్మంలో నిలబడి చూశావు. నాకు బాగా గుర్తుంది, నువ్వు ఏడవలేదు.

కాదని రాస్తే నమ్ముతాను.

సెల్మర్


టకోమా
24 మే

సెల్మర్,

టికెట్టు డబ్బు పాస్టరు గారి భార్య ఇచ్చింది. ఆమె మేనకోడలు ఇక్కడ ఆసుపత్రిలో చేసేది, నన్ను చేర్పించింది. మొదటి ఏడాది జీతంలోంచి తిరిగి పంపేశాను. ఆమె కొడుకు అక్కడే ఉన్నాడు, వెళ్లి అడుగు, ఈ అవమానం కూడా ఎందుకు మిగలాలి.

నీకు పొంగు చూపినప్పుడు పదకొండు రాత్రులు నీ పక్కన కూర్చున్నదాన్ని నేను. నన్ను దొంగ అన్నావు.

ఇక నాకు రాయకు.

బోర్గిల్డ్ ట్వెటెన్


వెస్ట్‌బీ
20 జూన్

అక్కా,

రాయొద్దన్నావు. ఇది చదివి చింపేసినా సరే.

గురువారం పొద్దున మెన్నో పొలానికి వెళ్లాను. నాలుగు వారాలుగా కోళ్ల గూడు చోటంతా గీతలు గీసుకుని, బెత్తెడు బెత్తెడు చొప్పున వెతుకుతున్నాను. నాణేల కోసం కాదని నీకు తెలుసు. మెన్నోకి కూడా అనుమానం వచ్చింది. కంచె ఆనుకుని నిలబడి, "నాణేలు ఏరుకునేవాడు ఇంత కోపంగా ఏరుకోడు. నా నేలలో నువ్వు దేనికోసం తవ్వుతున్నావో నాకు చెప్పి తవ్వు" అన్నాడు. మొత్తం చెప్పాను. ఆయన లోపలికి పోయి పార తెచ్చుకున్నాడు.

గూడు పునాదికి ఇవతల, పాత కంచె ఉండేదే, ఆ వరసలో మిషను పలికింది. రెండువైపులా ఒకేలా, గట్టిగా, చుట్టూ మేకులున్నా తొణక్కుండా. పాత మిషనుతో ఆ చోటు మీదుగా కనీసం ఆరుసార్లు నడిచి ఉంటాను. దానికి అంతా ఒకటే గోల. పద్నాలుగంగుళాలు తవ్వాక తుత్తునాగం మూత కనబడింది. బీన్సు నిలవ పెట్టుకునే గాజు సీసా. పగల్లేదు. నిండా వెండి డాలర్లు. నాన్న చెప్పినవన్నీ ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు.

నువ్వు ఒక్కటి కూడా తీయలేదు. ఆ మాట అన్నందుకు నేను ఏ మొహం పెట్టుకుని క్షమించమనాలో తెలియడం లేదు. క్షమించు.

కానీ వెన్సిల్ కూడా తీయలేదు. నాణేలు గలగలమనకుండా మూత కింద గుడ్డ పేలిక కుక్కి ఉంది. మడతల లోపల రంగు పోలేదు. నీలం గళ్లు. అమ్మ ఆదివారం వంటకు కట్టుకునే ఏప్రన్ గుడ్డ.

మెన్నోకి చెరిసగం అని మాటిచ్చి ఉన్నాను. ఆయన మూత కూడా ముట్టుకోలేదు. మీ తల్లి దాచింది మీది, మేకులు మాత్రం నావి అన్నాడు.

నీకు తెలుసు కదక్కా. చెప్పు.

సెల్మర్


టకోమా
30 జూన్

తమ్ముడికి,

నాలుగు కాగితాలు చింపేసి ఇది రాస్తున్నాను.

ఆ వేసవి ఊళ్లోకి ఒక మనిషి వచ్చాడు, గుర్తుందో లేదో, నల్ల కోటు, వెనక పీపాలున్న ట్రక్కు. వాన కురిపిస్తానన్నాడు. రైతులు డబ్బు పోగుచేస్తే కొండ మీద ఏవో మందులు కాలుస్తాడట. నాన్న మర్నాడు పొద్దున డాలర్లన్నీ తీసుకెళ్లి వాడి చేతిలో పోస్తానన్నాడు. చలికాలానికి మనకు మిగిలింది అదే. అమ్మ బతిమాలింది. నాన్న వినలేదు. ఆ సాయంత్రం ఆయన పాలు పితుకుతుంటే అమ్మ డబ్బాలోవి సీసాలో పోసి, కంచె మూడో గుంజ పక్కన పాతింది. నేను నీళ్ల బిందెతో వస్తూ చూశాను. వారంలో వాడు వెళ్లిపోతాడు, అప్పుడు తీసి పెట్టేస్తాను, నోరెత్తకు అంది. ఒట్టు వేయించుకుంది.

పొద్దున నాన్న డబ్బా తెరిచాడు. నిద్ర లేచిన మొహం కూడా కడుక్కోకుండా ధాన్యపు కొట్టు అటక మీదికి పోయి వెన్సిల్‌ని కిందికి ఈడ్చుకొచ్చాడు. అమ్మ నోరు తెరిచేలోపే బెల్టు తీశాడు. వెన్సిల్ వెళ్లిపోయాక, సాయంత్రం చెబుతానంది. సాయంత్రానికి నాన్న ఊళ్లో పాల డిపో దగ్గర అందరికీ చాటి వచ్చాడు. ఇక చెబితే ఆయన పరువు పోతుందంది. వారం తిరిగేసరికి నాన్న మేత మైదానం పెంచుదామని ఆ కంచె పీకేశాడు. గుంజ లేదు, గుర్తు లేదు. పంది పిల్లలకు మట్టి కావాలనే సాకుతో అమ్మ ఎన్నిసార్లు తవ్విందో. దొరకలేదు. సీసా చూపకుండా నిజం చెబితే ఎవరు నమ్ముతారంది.

నాన్న పోయాక, ఇప్పుడైనా చెప్పమ్మా అని నేను రాశాను. ఆయన లేచి జవాబు చెప్పుకోలేడు కదా, ఇప్పుడు అసలు చెప్పకూడదు అని రాసింది. తర్వాత ఆమె కూడా పోయింది. మిగిలింది నేను.

నేను ఏడవలేదన్నావు. గుమ్మంలో నాకు ఊపిరే ఆడలేదు సెల్మర్.

నువ్వు ఆ మిషను కొంటానన్న రోజు నుంచి నాకు నిద్ర లేదు. నీకు అంతా తెలిసిపోయి నాతో ఆడుకుంటున్నావనుకున్నాను.

ఒక్క మాట వినిపించుకో. వెన్సిల్ దగ్గరికి ఇప్పుడే పోకు. నేను వచ్చేదాకా ఆగు. శరత్కాలంలో వీలవుతుందేమో చూస్తాను. సమాధిలో ఉన్న అమ్మ గురించి జనం ఏమనుకుంటారో ఒక్కసారి ఆలోచించు.

అక్క


వెస్ట్‌బీ
18 జూలై

అక్కకు,

ఆగమన్నావు. ఆగలేదు. వీలవుతుందేమో చూస్తానంటే నువ్వు రావని నాకు అర్థమైంది. తప్పుగా అనుకుంటే తిట్టు.

నిన్న హిల్స్‌బరో వెళ్లాను. ఊరి చివర చిన్న ఇల్లు, చుట్టూ తెల్ల బాతులు. వెన్సిల్ గేటు దాకా వచ్చాడు గానీ లోపలికి రమ్మనలేదు. పెళ్లి చేసుకోలేదట. ఎందుకని నేనడగలేదు. సంచిలోంచి సీసా తీసి గేటు గుంజ మీద పెట్టాను. 

"నువ్వు తీసినదాన్ని తెచ్చి నాకెందుకు చూపిస్తున్నావు?" అన్నాడు.

కిందటి నెలే తవ్వి తీశానని చెప్పబోయాను.

"ఇప్పుడు కాదు. అప్పుడు" అన్నాడు.

అక్కా, ఆయన ఇన్నేళ్లూ నన్నే దొంగ అనుకున్నాడు. ఆ పొద్దున నేను చేపల ఎర కోసం నీళ్ల తొట్టి పక్కన వానపాములు తవ్వుకుని వచ్చాను. మోకాళ్ల నిండా మట్టి. నాన్న చేతిలో బెల్టు చూసి వణుకుతున్నాను. ఆయన అది చూశాడు. పిల్లాడు తీసి ఎక్కడో పాతాడు, పేరు చెబితే వీడి తోలు వలిచేస్తాడు అనుకున్నాడట. నోరు మూసుకుని దెబ్బలు తిని నడిచి వెళ్లిపోయాడు.

"నువ్వు పెద్దవాడివయ్యాక వచ్చి ఒక మాట చెబుతావని చూశాను. సంతలో కనబడ్డప్పుడల్లా చూశాను. నువ్వు పలకరిస్తావు, నవ్వుతావు, పోతావు. ఇక నీ మొహం చూడబుద్ధి కాలేదు" అన్నాడు.

 నా కోసం దెబ్బలు తిన్న మనిషిని నలభై ఆరేళ్లు దొంగ అన్నాను, ఫ్యాక్టరీలో, సెలూన్లో, ఎక్కడ పడితే అక్కడ.

తీసింది అమ్మ అని చెప్పాను. వాన మనిషి సంగతి, కంచె సంగతి, నువ్వు చూసిన సంగతి, అంతా. ఆయన బాతుల వైపు తిరిగాడు. ఆ రోజు దారికి రొట్టె కట్టి ఇచ్చింది అమ్మేనట. తల ఎత్తలేదట. జాలిపడుతోందనుకున్నాడట.

సీసా ఉంచుకోమన్నాను. ముట్టుకోలేదు. మీ అక్క చూసిందన్నావు కదా, బతికే ఉందా అని అడిగాడు. ఉందన్నాను.

"అయితే ఆవిణ్ణి వచ్చి చెప్పమను. నువ్వు చెప్పింది నువ్వు విన్న మాట. ఆవిడది చూసిన మాట. నాకు అది కావాలి" అన్నాడు.

తర్వాత లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కోపంగా కాదు, మెల్లగా.

నేను ఇంకేమీ రాయను. నీ ఇష్టం.

సెల్మర్


టకోమా
27 జూలై

తమ్ముడికి,

నేను రాననుకున్నావు. సరిగ్గానే అనుకున్నావు. శరత్కాలం వచ్చాక చలికాలం అనేదాన్ని, చలికాలంలో నా గుండె సంగతి చెప్పేదాన్ని. నువ్వు అనుమానించినవాటిలో అదొక్కటే నిజం.

టికెట్టు తీసుకున్నాను. వచ్చే నెల తొమ్మిదిన బండి లా క్రాస్ చేరుతుంది. ఈడ్నా నొచ్చుకుంటుందేమో గానీ స్టేషనుకు నువ్వొక్కడివే రా. ముందు మీ ఇంటికి తీసుకెళ్లకు. అక్కడ కాఫీ తాగితే, కాళ్లు చాపుకుంటే, రేపు పోదాం అంటాను. ఆ రేపులోనే ఇన్నేళ్లు గడిపాను. బండి దిగగానే హిల్స్‌బరో.

ఆయన గేటు దగ్గర నాకు గొంతు పెగలకపోవచ్చు. నువ్వు అందుకుని చెప్పకు. ఎంతసేపైనా సరే, నువ్వు కారులోనే కూర్చో.

బోర్గిల్డ్